తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం

చరిత్ర వ్యాసం అనగానే మనకి శాసనాలూ, రాజులూ, యుద్ధాలూ గుర్తొస్తాయి. వాటిల్లో నాకు ప్రవేశం లేదు. ఇంజనీరింగ్ చదివి, 1999లో వై2కే పుణ్యమా అని ఈ దేశం వచ్చి, అప్పటినుంచీ కంప్యూటర్లతోనే కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. నాకు కాస్తో కూస్తో తెలిసిన చరిత్ర అంతా ముప్ఫై నలభై ఏళ్ళలోదే. అందులోంచి ఒక ముక్క చెబుతాను. ఈమెయిల్లో వచ్చే వైరస్‌ల సంగతి, వాటినుంచి మామూలు మనుషుల్ని కాపాడటానికి మా వృత్తిలోవాళ్ళం పడిన పాట్ల సంగతి. ఇందులో నా పాత్ర కూడా కొంచెం ఉంది. చెప్పుకోదగ్గ పాత్రేమీ కాదు.

ముందు పోస్టుకార్డులతో మొదలుపెడతాను. 1980లలో, అమలాపురం దగ్గర మా ఊళ్ళో, ఏడాదికో రెండేళ్ళకో ఒక కార్డు వచ్చేది. ఏడుకొండలవాడి మహిమ వల్ల ఫలానా ఊళ్ళో ఒకాయన ఈ కార్డు అందగానే తొమ్మిది మందికి రాస్తే లాటరీ తగిలిందనీ, వెక్కిరించి చింపేసినవాడికి కాలూ చెయ్యీ పడిపోయాయనీ, అంచేత మీరూ వెంటనే తొమ్మిది కార్డులు రాయండనీ దాని సారాంశం. మా నాయనమ్మ నిజంగా నమ్మేదో లేదో తెలీదు గానీ, "ఎందుకొచ్చిన గొడవ, రాసి పడెయ్యరా" అని నా చేత రాయించేది. పదిహేను పైసల కార్డులు తొమ్మిది. ఎవరికి రాయాలి? అమ్మమ్మగారి ఊరికి, మావయ్యలకి, కాకినాడలో పెద్దనాన్నకి, మా మాస్టారికి. అన్నీ తెలిసినవాళ్ళ అడ్రసులే. తెలియనివాళ్ళ అడ్రసులు మన దగ్గర ఎందుకుంటాయి?

ఆ కార్డుకి కాళ్ళు లేవు. మా నాయనమ్మ భయమే దాని కాళ్ళు, మా ఇంటి అడ్రసుల పుస్తకమే దాని దారి. ఈమెయిల్ వైరస్ అన్నా అంతే. కాకపోతే తొమ్మిది కార్డులూ మన చేత రాయించకుండా, తనే రాసుకుని, మన సంతకం పెట్టి పంపేస్తుంది.

(తెలుగులో విషాణువు అనమంటారు కొందరు పెద్దలు. ఇంకా పట్టుగా మాట్లాడేవాళ్ళు, తనంతట తాను ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకేదాన్ని వైరస్ అనకూడదు, వర్మ్ అనాలి, అంటే పురుగు అంటారు. నేను అందరిలాగే అన్నిటినీ వైరస్ అనే అంటాను, మన్నించాలి.)

ఈ రకంలో బాగా పేరుపడ్డ మొదటిది 1987 డిసెంబరులో వచ్చింది. పశ్చిమ జర్మనీలో క్లౌస్తాల్ అనే ఊళ్ళో ఒక విద్యార్థి, స్నేహితులకి పండగ శుభాకాంక్షలు చెబుదామని ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అందినవాళ్ళు దాని పేరు టైపు చేస్తే తెర మీద చుక్కలతో ఒక క్రిస్మస్ చెట్టు వచ్చేది. అదే సమయంలో వాళ్ళ దగ్గరున్న చిరునామాల ఫైలు తెరిచి, అందులో ఉన్న అందరికీ తనని తాను పంపేసుకునేది. యూరప్‌లోని విశ్వవిద్యాలయాల నుంచి అమెరికాలోని బిట్‌నెట్‌కి, అక్కడినుంచి ఐబీఎం సొంత నెట్‌వర్క్‌కి పాకి, దాన్ని ఉక్కిరిబిక్కిరి చేసేసింది. ఆ కుర్రాడికి దురుద్దేశం ఉన్నట్టు కనిపించదు. చెట్టు బాగుందని జనం నొక్కారు, అంతే. ఈ చరిత్రలో ఆ తర్వాత జరిగిందంతా ఆ చెట్టులోనే ఉంది.

1994లో ఇంకో తమాషా జరిగింది. "గుడ్ టైమ్స్ అనే పేరుతో ఉత్తరం వస్తే తెరవకండి, మీ హార్డ్‌డిస్క్ చెరిగిపోతుంది, ఈ హెచ్చరిక అందరికీ పంపండి" అని ఒక ఉత్తరం ఊరూరా తిరిగింది. అలాంటి వైరస్ లేనే లేదు. ఉత్త అక్షరాలున్న ఉత్తరం చదివినంత మాత్రాన ఏమీ కాదని మాలాంటివాళ్ళు నెత్తీ నోరూ బాదుకుని చెప్పేవారు. తొమ్మిది కార్డుల లెక్కన చూస్తే ఆ హెచ్చరికే వైరస్.

కానీ ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మేక్రోలని ఉంటాయి, డాక్యుమెంటులోపలే కూర్చుని పనిచేసే చిన్న ప్రోగ్రాములు. 1995లో కాన్సెప్ట్ అనే వైరస్ వాటిల్లో దూరింది. 1999 మార్చి 26, శుక్రవారం నాడు మెలిస్సా వచ్చింది. వర్డ్ ఫైలు తెరిస్తే చాలు, ఔట్‌లుక్ చిరునామాల పుస్తకంలో మొదటి 50 మందికి మన పేరుతో ఉత్తరం వెళ్ళిపోయేది. "ఫలానావారి నుంచి ముఖ్యమైన సందేశం" అని మకుటం, మీరడిగిన డాక్యుమెంటు ఇదిగో, ఇంకెవరికీ చూపించకండి అని లోపల. ఇంకెవరికీ చూపించవద్దంటే ఎవరాగుతారు చెప్పండి! రాసినవాడు డేవిడ్ స్మిత్, న్యూజెర్సీవాడే. వారం తిరక్కుండా ఏప్రిల్ 1న పట్టుకున్నారు. 2002లో 20 నెలల జైలు శిక్ష పడింది. నేను ఆ ఎండాకాలంలోనే న్యూజెర్సీలో దిగాను. స్మిత్‌ని పట్టుకున్న ఊరు మా అపార్ట్‌మెంటుకి కారులో అరగంట దూరమని తెలిసి, ఒక ఆదివారం స్నేహితులం ఊరికే ఆ దారంట వెళ్ళొచ్చాం కూడా. చూడటానికి ఏముంది అక్కడ? చెట్లూ, ఇళ్ళూ.

ఇంక నా సంగతికొస్తాను.

మా అపార్ట్‌మెంటు సముదాయంలో గుంటూరువాళ్ళు ఒక కుటుంబం ఉండేవారు. ఆవిణ్ణి అక్కా అని పిలిచేవాణ్ణి, ఆయన్ని బావగారూ అని. బ్రహ్మచారులం ముగ్గురం వారానికి రెండు పూటలైనా వాళ్ళింట్లోనే భోంచేసేవాళ్ళం. అందుకు ప్రతిఫలంగా వాళ్ళింట్లో కంప్యూటర్ కొనిపించి, విండోస్ 98 సరిచేసి, డయలప్ పెట్టి, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ నేర్పింది నేను. ఆ రోజున మహా గంభీరంగా ఒక ఉపదేశం కూడా చేశాను. "అక్కా, ఒక్కటే గుర్తుపెట్టుకోండి. తెలియనివాళ్ళ దగ్గర్నుంచి ఏమొచ్చినా తెరవద్దు." ఆఫీసుల్లో గోడల మీద అతికించే కాగితాల్లో అప్పుడు అదే రాసుండేది. నేను చదివింది ఆవిడకి అప్పజెప్పాను.

1999 చివర్లో అక్కకి బాబు పుట్టాడు. పురిటికి వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి వచ్చి ఏప్రిల్ దాకా ఉన్నారు. బావగారు అప్పుడే కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నారు. అందులో కార్డు 8 మెగాబైట్లది. నిండగానే ఫోటోలు కంప్యూటర్‌లోకి దింపి, కార్డు చెరిపి, మళ్ళీ వాడేవారు. ఫిల్ము ఖర్చు లేదు, కడిగించే ఖర్చు లేదని మురిసిపోయేవారు. పిల్లాడి మొదటి స్నానం, నూనె రాస్తూ కాళ్ళ మీద పడుకోబెట్టుకున్న అమ్మమ్మ, ఉయ్యాల ఫంక్షన్, బాల్కనీలో మంచు చూస్తూ శాలువా కప్పుకుని నిలబడ్డ ఆవిడ. అలాంటివి రెండొందల పైచిలుకు, అన్నీ జేపెగ్ ఫైళ్ళు. ఇంకో కాపీ తీసి పెట్టుకోమని నేను చెప్పలేదు. తట్టనేలేదు.

2000 మే 4, గురువారం. నేను పనిచేసే చోట పొద్దున్నే మెయిలు తెరిస్తే, పక్క విభాగం పెద్దమనిషి దగ్గర్నుంచి ఒక ఉత్తరం. పాతికేళ్ళ సర్వీసున్నవాడు, ఎప్పుడూ టై కట్టుకునేవాడు, నాతో గుడ్ మార్నింగ్ తప్ప రెండో మాట ఎరగడు. మకుటం ఐ లవ్ యూ. జతగా ఒక ఫైలు, లవ్-లెటర్-ఫర్-యూ డాట్ టీఎక్స్‌టీ. ఉత్త అక్షరాల ఫైలేగా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. నొక్కాను. ఇంజనీరింగ్ డిగ్రీ ఆ క్షణంలో ఏ మూల దాక్కుందో!

ఆ ఫైలు పేరు అక్కడితో అయిపోలేదు. చివర ఇంకో తోక ఉంది, డాట్ వీబీఎస్ అని. అంటే అది చదివే ఫైలు కాదు, విజువల్ బేసిక్ స్క్రిప్టు, నడిచే ప్రోగ్రాం. కానీ విండోస్ తనకి తెలిసిన తోకల్ని చూపించకుండా దాచేస్తుంది, చూసేవాళ్ళకి గజిబిజిగా ఉంటుందని. అసలు తోకని విండోస్ దాచింది, దొంగ తోకని వైరస్ చూపించింది. ఆ రెండూ కలిసి నాలాంటివాణ్ణి కూడా బోల్తా కొట్టించాయి. మెలిస్సా 50 మందితో సరిపెట్టుకుంది గానీ దీనికి ఆ మొహమాటం కూడా లేదు. ఔట్‌లుక్ పుస్తకంలో ఉన్న ప్రతివాళ్ళకీ వెళ్ళింది.

పది నిమిషాల్లో నా పెట్టెలో నలభై ప్రేమలేఖలు. జీతాల విభాగంలో ఆవిడ, సెక్యూరిటీ ఆయన, మా మేనేజరు, ఒకళ్ళని మించి ఒకళ్ళు నన్ను ప్రేమిస్తున్నామని రాశారు. మొదట నవ్వుకున్నాం. తర్వాత అందరం వాడుకునే డ్రైవులో ఫైళ్ళు మాయమవుతున్నాయని ఎవరో అరిచారు. మైకులో "ఏమీ తెరవకండి" అని ప్రకటనలు. మెయిల్ సర్వర్ ఆపేశారు. మధ్యాహ్నానికి వార్తలు తెలిశాయి. మనీలాలో మొదలై, పొద్దుతో పాటు పడమరకి వచ్చిందట. బ్రిటిష్ పార్లమెంటు ఈమెయిల్ మూసేసుకుందట, పెంటగాన్‌లోనూ జొరబడిందట. నేను సాయంత్రం దాకా యంత్రం నుంచి యంత్రానికి తిరుగుతూ నెట్‌వర్క్ వైర్లు పీకుతూ, చేతులు నల్లబడేలా పనిచేశాను. నలుగురూ మెచ్చుకున్నారు కూడా. కానీ నా చిరునామాల పుస్తకంలో ఆఫీసువాళ్ళతో పాటు సొంతవాళ్ళు ఓ పదిహేను మంది ఉన్నారని, వాళ్ళకి ఒక్క ఫోన్ చెయ్యాలని, ఆ రోజంతా నాకు గుర్తు రాలేదు.

ఇంటికొచ్చేసరికి ఫోన్లో అక్క గొంతు రికార్డయి ఉంది. "తమ్ముడూ, ఒకసారి వస్తావా? ఫోటోలు తెరుచుకోవట్లేదు."

వెళ్ళాను. పిల్లాణ్ణి నిద్రపుచ్చి, పదిన్నరకి మెయిలు చూసుకుందట. నా దగ్గర్నుంచి ఉత్తరం. మకుటం చూసి నవ్వొచ్చిందట, ఏదో కొత్త జోకు పంపుంటాడులే అనుకుందట. "నీ పేరు చూసే తెరిచాను" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఎలా జరిగిందని నేను అడిగితే జవాబు చెప్పిందంతే. తెలియనివాళ్ళవి తెరవద్దన్నాను. ఆవిడ తెరవలేదు. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది.

ఆ వైరస్ ఏం చేస్తుందో అప్పటికి నాకు తెలుసు. జేపెగ్ ఫైళ్ళ మీద తన అక్షరాలు రాసేసి, తోకగా వీబీఎస్ తగిలిస్తుంది. కింద ఉన్న ఫోటో ఇంక రాదు. పాటలున్న ఎంపీ3 ఫైళ్ళని మాత్రం, ఎందుకో మరి, పాడుచెయ్యదు. దాచేసి, పక్కన అదే పేరుతో తన కాపీ పెడుతుంది. నేను డాస్ తెర తెరిచి అట్రిబ్ ఆజ్ఞ కొట్టగానే బావగారి ఘంటసాల పాటలన్నీ ఒక్కొక్కటే మళ్ళీ కనిపించాయి. ఆయన ఆశగా కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. "పాటలొచ్చాయిగా, అవీ వస్తాయిలే" అన్నారు. రావని ఆయనకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఒక ఏడు ఫోటోలు దక్కాయి. గుంటూరులో అక్క తమ్ముడికి ఎప్పుడో మెయిల్లో పంపినవి. పంపిన ఉత్తరాలన్నీ ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తన సొంత ఫైల్లో కుక్కి పెట్టుకుంటుంది, ఆ రకం ఫైలు వైరస్ జాబితాలో లేదు. ఇంకో సంగతి. ఆ వైరస్ ఉత్తరాలు పంపడానికి వాడుకునేది అసలు ఔట్‌లుక్‌ని, ఎక్స్‌ప్రెస్‌ని కాదు. అందుకని అది అక్క దగ్గరే ఆగిపోయింది, ఆవిడ నుంచి ఇంకెవరికీ వెళ్ళలేదు. మా ఇద్దరిలో లోకానికి హాని చేసింది నేను, నష్టపోయింది ఆవిడ. అక్క వాళ్ళమ్మగారు మళ్ళీ అమెరికా రాలేదు.

ఆ ప్రోగ్రాం రాసినవాడు ఒనెల్ డి గుజ్మన్, మనీలాలో ఏఎంఏ కంప్యూటర్ కాలేజీ విద్యార్థి. ఇంటర్నెట్ పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాం రాస్తానని డిగ్రీ కోసం ప్రతిపాదన ఇస్తే కాలేజీవాళ్ళు తిరగ్గొట్టారు. ప్రేమలేఖ కూడా మొదట పాస్‌వర్డుల కోసం రాసినదే. పోలీసులు గుర్తించారు గానీ ఏ నేరం మోపాలో తెలియలేదు. ఫిలిప్పీన్స్‌లో అప్పటికి అలాంటి చట్టమే లేదు. 2000 జూన్ 14న చట్టం చేశారు, కానీ జరిగిపోయినదానికి అది వర్తించదు. ఆగస్టులో కేసు కొట్టేశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని మనం నవ్వక్కర్లేదు. మన దేశంలోనూ సమాచార సాంకేతిక చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది అదే ఏడు జూన్ 9న, అమల్లోకొచ్చింది అక్టోబరు 17న. వైరస్ ఎక్కించడం తప్పని మన చట్టం చెప్పడం అప్పుడే మొదలు.

2019లో జెఫ్ వైట్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు మనీలాలో ఒక చిన్న ఫోన్ రిపేరు కొట్టులో డి గుజ్మన్‌ని వెతికి పట్టుకున్నాడు. అవును నేనే రాశాను అని ఒప్పుకున్నాడట. ఇంటర్నెట్‌కి డబ్బు కట్టలేక పాస్‌వర్డులు దొంగిలిద్దామనుకున్నాననీ, అందరికీ ప్రేమ కావాలి గనక ఆ పేరు పెట్టాననీ చెప్పాడు. అది చదివినప్పుడు నాకు కోపం రావలసినంత రాలేదు. 1998లో కాకినాడలో మేం ఎనిమిది మందిమి ఒకే ఒక్క విద్యార్థి ఖాతా పాస్‌వర్డుతో వంతులేసుకుని ఇంటర్నెట్ వాడాం, ఆ ఖాతా మా ఎనిమిది మందిలో ఎవరిదీ కాదు. అయినా అక్క ఫోటోలు గుర్తొస్తే మాత్రం ఆ కొట్టు మీద జాలి నిలవదు.

మరి కాపాడవలసినవాళ్ళు ఏం చేశారు? యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ తెలిసిన దొంగల ఫోటోలు గోడకి అంటించుకున్న పోలీస్ స్టేషన్ లాంటిది. కొత్త దొంగ మొదటి రోజు దర్జాగా వస్తాడు. ప్రేమలేఖ స్క్రిప్టు కాబట్టి, అందినవాళ్ళందరికీ దాని గుట్టు కూడా అందినట్టే. నాలుగు మాటలు మార్చి వారం తిరక్కుండా బోలెడు రకాలు వదిలారు. మదర్స్ డే కానుక రసీదు పేరుతో ఒకటి, వైరస్‌కి మందు పేరుతో ఇంకొకటి!

2000 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌కి ఒక దిద్దుబాటు ఇచ్చింది. ప్రోగ్రాం ఫైళ్ళు జతగా వస్తే తెరవనివ్వదు, ఏదైనా ప్రోగ్రాం చిరునామాల పుస్తకం ముట్టుకుంటే మనల్ని అడుగుతుంది. మంచిదే. కానీ పని కుంటుపడుతుందని చాలామంది వేసుకోలేదు, మా ఆఫీసులోనూ నెలల తరబడి వాయిదా వేశాం. ఈలోగా 2001, 2002 ప్రాంతాల్లో క్లెజ్ వచ్చింది. అది చేసిన కొత్త పని, పంపినవారి పేరు దొంగది పెట్టడం. ఈమెయిల్ నియమాలు రాసింది 1982లో, ఒకళ్ళనొకళ్ళు ఎరిగిన కొద్దిమంది పరిశోధకుల కాలంలో. ఇన్లాండు కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాయొచ్చు, పోస్టుమాన్ అడగడు. ఇదీ అంతే. నా యంత్రంలో వైరస్ ఉంటే మీ పేరుతో మూడో ఆయనకి ఉత్తరం వెళ్తుంది, ఆయన మిమ్మల్ని తిడతాడు. మన సంఘంలోనే ఇద్దరు మిత్రులు ఈ విషయంలో ఆరు నెలలు మాట్లాడుకోకపోవడం నేనెరుగుదును.

2004 జనవరిలో మైడూమ్ వీటన్నిటినీ మించిన వేగంతో పాకింది. ఆ ఏడాది ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీకి రెండో సర్వీస్ ప్యాక్ వచ్చాక, జీమెయిల్ లాంటివి ప్రోగ్రాం ఫైళ్ళని గుమ్మంలోనే ఆపడం మొదలుపెట్టాక, ఈ వరదలు తగ్గుముఖం పట్టాయి. జనం తెలివి మీరడం వల్ల తగ్గలేదు. తలుపు మూసి ఉంచడం యంత్రం తన పనిగా పెట్టుకోవడం వల్ల తగ్గాయి.

అన్ని తలుపులూ కాదు. మెలిస్సా దూరిన మేక్రోల తలుపు సంగతి చూడండి. "ఇందులో మేక్రోలున్నాయి, తెరవమంటారా" అని అడిగి ఊరుకునేవాళ్ళం, జనం సరే అనేవారు. 2016లో లాకీ ఆ దారినే వచ్చి ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగింది. ఎమోటెట్ ఇంకా ఘటికురాలు. మనం నిజంగా రాసుకున్న పాత ఉత్తరాన్నే దొంగిలించి, దానికి జవాబుగా వచ్చేది. 2021 జనవరిలో ఎనిమిది దేశాల పోలీసులు కలిసి దాని యంత్రాంగాన్ని పట్టుకున్నారు, కొన్ని నెలలకి మళ్ళీ లేచింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మేక్రోలని మామూలుగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది 2022 ఫిబ్రవరిలో. అది స్థిరంగా అమలైంది ఆ జూలై నుంచి. మెలిస్సా తర్వాత 23 ఏళ్ళకి! ఆ 23 ఏళ్ళూ మేం గోడల మీద కాగితాలు అతికిస్తూనే ఉన్నాం, తెరిచినవాళ్ళనే తప్పుపడుతూనే ఉన్నాం. ప్రేమలేఖ రాసిన విజువల్ బేసిక్ స్క్రిప్టుని మెల్లగా తీసేస్తామని చెప్పింది 2023 అక్టోబరులో. ఫైలు తోకల్ని దాచే అలవాటు మాత్రం విండోస్ 11లో కూడా అలాగే ఉంది. మీ యంత్రంలో ఆ అమరిక మార్చుకోవచ్చు, అయిదు నిమిషాల పని.

అక్కావాళ్ళు తర్వాత టెక్సస్ వెళ్ళిపోయారు. అప్పటి పిల్లాడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఏడు ఫోటోల్లో ఒకటి, బాల్కనీలో శాలువాతో నిలబడ్డది, పెద్దది చేయించి హాల్లో పెట్టారు. 8 మెగాబైట్ల కాలం నాటిది కదా, దగ్గరగా వెళ్తే ముఖం గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. రెండడుగులు వెనక్కి నిలబడి చూడాలి.

ఇప్పటికీ నేను ఏదైనా ఫైలు పంపితే, పెళ్ళి శుభలేఖైనా సరే, పది నిమిషాల్లో ఫోన్ వస్తుంది.

"తమ్ముడూ, ఏదో వచ్చింది. నువ్వే పంపావా?"

"నేనే అక్కా. తెరవండి."

"ఏముంది అందులో? ముందు చెప్పు."

చెబుతాను. అప్పుడు తెరుస్తుంది.